జార్జియాలో నా మొదటి ఓటు: ప్రమాణం నుంచి పీచ్ స్టిక్కర్ దాకా నా అనుభవం

2025 నవంబర్ 4 ఎన్నిక వెళ్ళి పది రోజులైంది. హైదరాబాద్ నుంచి, డాలస్ నుంచి ఫోన్ చేసినవాళ్ళందరూ అడుగుతున్నది ఒకటే, "మీ జార్జియా మారిపోయిందట కదా, నిజమేనా?" అని. రిపబ్లికన్ల నుంచి డెమోక్రాట్ల వైపు తిరిగిందా అని వాళ్ళ ఉద్దేశం. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పడం నా వల్ల కావట్లేదు, అందుకే జరిగింది జరిగినట్టు రాసేస్తున్నా. ఇందులో సగం సిటిజన్‌షిప్ సంగతి, సగం ఓటు సంగతి. నాకు రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చి పడ్డాయి కాబట్టి విడదీసి చెప్పలేను. పైగా కొత్తగా సిటిజన్ అయ్యి ఇక్కడ ఓటు నమోదు చేసుకునేవాళ్ళకి మధ్యలో ఒక చిక్కు ఉంది, అది ముందే తెలిస్తే నాలాగా నెల రోజులు నిద్ర పాడుచేసుకోరు.

మేం 2006లో వచ్చాం. మా ఆయన ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు క్యూలో మన చోటు తేల్చే తేదీ) 2009 మార్చి, గ్రీన్ కార్డులు చేతికొచ్చింది 2020 జనవరిలో. అదే ఏడాది నవంబర్లో జార్జియాలో బైడెన్ 11,779 ఓట్లతో గెలిచాడు. దాదాపు 50 లక్షల ఓట్లలో అంతే తేడా. 1992లో క్లింటన్ తర్వాత ఇక్కడ ప్రెసిడెంట్ ఎన్నికలో డెమోక్రాట్ గెలవడం అదే మొదటిసారి. మేముండేది సువానీ, గ్విన్నెట్ కౌంటీ. మా పక్కింటావిడ ఎర్లీ వోటింగ్ (ఎన్నిక రోజుకి ముందే ఓటెయ్యడం) మొదటి రోజు పొద్దున వెళ్ళి మధ్యాహ్నం దాటాక వచ్చింది, కాళ్ళు పట్టేశాయని మెట్ల మీదే కూలబడింది. నేను మంచినీళ్ళు ఇచ్చాను, అంతకంటే చెయ్యగలిగింది లేదు. ఓట్లు మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతుంటే టీవీ ముందు కూర్చుని, పద్నాలుగేళ్ళుగా ఇక్కడే పన్నులు కడుతున్నాం, పిల్లలు ఇక్కడే పుట్టారు, ఆ లెక్కలో మాత్రం మనం లేమే అనుకున్నాను. అంతకు రెండేళ్ళ ముందు, 2018లో, మా వైపు అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) సీటుకి డెమోక్రాట్ అభ్యర్థి ఓడిపోయింది 433 ఓట్ల తేడాతో. 433 అంటే మా వైపు ఒక పెద్ద సబ్‌డివిజన్‌లో ఉండే ఇళ్ళు. ఆ నంబర్ నా మనసులోంచి పోలేదు.

ఇక అసలు సంగతి. 2025 జనవరి 14న ఎన్-400, అంటే సిటిజన్‌షిప్ అప్లికేషన్, ఆన్‌లైన్‌లో వేశాను, ఫీజు 710 డాలర్లు. వేలిముద్రలకి మళ్ళీ పిలవలేదు, పాతవే వాడుకుంటాం అని నోటీసు పెట్టారు. ఇంటర్వ్యూ మే 21. వంద ప్రశ్నలూ రెండు నెలలు కారులో వింటూ, అంట్లు తోముతూ బట్టీ పట్టాను, అక్కడ పది అడగాలి ఆరు చెప్పాలి, మొదటి ఆరూ కరెక్ట్ చెప్పేసరికి ఆఫీసర్ ఆపేశాడు. అందులో ఒకటి "సిటిజన్లకి మాత్రమే ఉండే ఒక బాధ్యత చెప్పు" అని. ఓటెయ్యడం అన్నాను. గొంతు కొంచెం వణికింది, ఎందుకో నాకే తెలియదు.

జులై 10న ప్రమాణం. చిన్న జెండా ఇచ్చారు, సర్టిఫికెట్ ఇచ్చారు. పక్కన కూర్చున్న వియత్నాం ఆవిడ ఏడుస్తుంటే నాక్కూడా కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. అది సంతోషమని పూర్తిగా చెప్పలేను, ఎందుకంటే హ్యాండ్‌బ్యాగ్‌లో ఇండియన్ పాస్‌పోర్ట్ అలాగే ఉంది, దాన్ని ఇక సరెండర్ చెయ్యాలి. చివరిసారి ఖమ్మంలో ఓటేసినప్పుడు వేలి మీద పెట్టిన సిరా గుర్తొచ్చింది. అది 2004, నా మొదటి ఓటు. ఇరవై ఒక్క ఏళ్ళయింది నేను ఎక్కడైనా ఓటేసి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తా, మీరు చెయ్యకండి. ఇంటికొచ్చిన రెండో రోజు, జులై 12న, ఓటర్ రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్‌లో చేసేశాను, డ్రైవర్స్ లైసెన్స్ నంబర్ ఉంటే చాలు, పది నిమిషాల పని, డబ్బులేమీ కట్టక్కర్లేదు. తర్వాతి శుక్రవారం పోస్టాఫీసుకెళ్ళి పాస్‌పోర్ట్‌కి అప్లై చేశాను, 130 ఒక చెక్కు, 35 ఇంకో చెక్కు, ఫోటోలకి 17. పాస్‌పోర్ట్‌కి ఒరిజినల్ సర్టిఫికెట్ పంపాలి. పంపేశాను, ఫోటోకాపీ తీసి పెట్టుకోలేదు.

ఆగస్టు 4న కౌంటీ నుంచి ఉత్తరం. మీ అప్లికేషన్ పెండింగ్‌లో ఉంది, సిటిజన్ అని రుజువు చూపించండి అని. గుండెల్లో రాయి పడ్డట్టయింది. ఏమైందంటే లైసెన్స్ రికార్డులో నా స్టేటస్ ఇంకా పాతదే, గ్రీన్ కార్డుదే. రిజిస్ట్రేషన్‌ని ఆ రికార్డుతో సరిచూస్తారు, అందులో సిటిజన్ కాదని ఉంటే అక్కడ ఆగిపోతుంది. కొత్త సిటిజన్లలో చాలామందికి ఇలాగే అవుతుందని తర్వాత తెలిసింది. చూపిద్దామంటే సర్టిఫికెట్ నా దగ్గర లేదు, పాస్‌పోర్ట్ రాలేదు. ప్రమాణం రోజు తీసుకున్న ఫోటోలు వెతికాను. ఒక్కదాంట్లో సర్టిఫికెట్ కనిపిస్తోంది, సరిగ్గా నా పేరు మీదే మా చిన్నోడి బొటనవేలు. ఇంట్లో అందరూ "ఇంకా టైం ఉందిగా" అన్నారు, ఉంది నిజమే, రిజిస్ట్రేషన్ ఆఖరి తేదీ అక్టోబర్ 6, కానీ ఆ నెలంతా రోజుకి రెండుసార్లు మెయిల్‌బాక్స్ దాకా నడిచాను.

పాస్‌పోర్ట్ ఆగస్టు 22న వచ్చింది. సోమవారం 25న లారెన్స్‌విల్‌లో ఎలక్షన్ ఆఫీసుకెళ్ళాను, లోపల నా ముందు ఇద్దరే. కౌంటర్‌లో పెద్దావిడ పాస్‌పోర్ట్ కాపీ తీసుకుని, నీ అప్లికేషన్ ఎక్కడికీ పోలేదమ్మా అన్నట్టు నవ్వి, పది రోజుల్లో సిస్టమ్‌లో కనిపిస్తుంది అంది. మొత్తం 20 నిమిషాలు. సెప్టెంబర్ 4న నా పేరు పక్కన యాక్టివ్ అని కనిపించింది, స్క్రీన్‌షాట్ తీసి మా అమ్మకి కూడా పంపాను. సర్టిఫికెట్ వేరే కవర్లో సెప్టెంబర్ రెండో వారంలో వచ్చింది. కాబట్టి చెప్పేదేంటంటే, సర్టిఫికెట్ చేతికి రాగానే ముందు రెండు కాపీలు తీయండి, వీలైతే లైసెన్స్ ఆఫీసులో స్టేటస్ మార్పించుకోండి, ఆ తర్వాతే పాస్‌పోర్ట్‌కి పంపండి.

నా మొదటి ఓటు ఏ ప్రెసిడెంట్‌కో సెనేటర్‌కో కాదు. ఈ ఏడాది రాష్ట్రం మొత్తానికి ఉన్న పోటీలు రెండే, పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో రెండు సీట్లు. కరెంటు, గ్యాస్ రేట్లు చూసే కమిషన్ అది. ఐదుగురు ఉంటారు, ఎన్నిక నాటికి ఐదుగురూ రిపబ్లికన్లే. ఈ రెండు సీట్లకీ 2022లో జరగాల్సిన ఎన్నిక కోర్టు కేసు వల్ల ఆగి ఇప్పుడు జరిగింది. నిజం చెప్తున్నా, సెప్టెంబర్ దాకా ఈ కమిషన్ సీట్లకి జనం ఓటేస్తారన్న సంగతే నాకు తెలియదు. తెలిసింది బిల్లు వల్ల. ఆగస్టు బిల్లు 418 డాలర్లు. మూడేళ్ళ కింద అదే ఇల్లు, అదే ఏసీ, మూడొందలు దాటేది కాదు. 2023 మొదలైనప్పటి నుంచి కమిషన్ ఆరుసార్లు పెంపుకి ఒప్పుకుంది, సగటు ఇంటికి నెలకు 43 డాలర్లు ఎక్కువైంది.

ఆ బిల్లు కిచెన్ కౌంటర్ మీద ఉంటే మా అత్తయ్య చూశారు, ఆగస్టులోనే వచ్చారావిడ. రూపాయల్లోకి లెక్క కట్టి, "ముప్పై ఆరు వేలా? ఇంతకీ ఇక్కడ ఎవరూ అడగరా అమ్మాయ్?" అన్నారు. అడగడమంటే ఆవిడకి తెలిసిన అడగడం వేరే. 2000 ఆగస్టు 28న నేను హైదరాబాద్‌లో ఇంటర్ హాస్టల్లో ఉన్నా, కరెంటు చార్జీల మీద బషీర్‌బాగ్‌లో కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు, వార్డెన్ గేటుకి తాళం వేసింది. నాలుగేళ్ళకి ప్రభుత్వమే పోయింది, వైఎస్ ప్రమాణం చేసిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద మొదటి సంతకం పెట్టాడు. నా మొదటి ఓటు ఆ ఎన్నికలోదే. ఇప్పుడు ఇక్కడ మొదటి ఓటు కూడా కరెంటుకే వచ్చి పడింది. అత్తయ్య ఆ మాట అన్నాక అలా కూర్చోబుద్ధి కాలేదు.

ఎర్లీ వోటింగ్ అక్టోబర్ 14, మంగళవారం మొదలు. ఎనిమిదికల్లా పార్కు దగ్గరి కమ్యూనిటీ సెంటర్‌కి వెళ్ళాను. అసలు లైనే లేదు. లైసెన్స్ స్కాన్ చేశారు, టాబ్లెట్ మీద సంతకం, చేతికి ఒక ప్లాస్టిక్ కార్డు. అది మెషీన్లో పెడితే భాష అడుగుతుంది, ఇంగ్లిషా స్పానిషా అని. రెండు పేర్లు నొక్కాను, కాగితం ప్రింటయి వచ్చింది. ఆ కాగితం మీద నేను ఎవరికి వేశానో అక్షరాల్లో ఉంది, పక్కన క్యూఆర్ కోడ్. స్కానర్‌లో పెట్టేముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నాను, వెనక ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. స్కానర్ కాగితాన్ని లాక్కున్నప్పుడు మెత్తగా ఒక చప్పుడు వస్తుంది, అంతే, అయిపోయింది. లోపలికి వెళ్ళి బయటికి రావడానికి 9 నిమిషాలు. పీచ్ పండు బొమ్మ ఉన్న స్టిక్కర్ ఇచ్చారు. దాన్ని చొక్కాకి కాకుండా ఎడమ చేతి చూపుడు వేలికి చుట్టుకుని కారులో కాసేపు కూర్చున్నాను. పద్నాలుగేళ్ళు ఎదురుచూసిన గ్రీన్ కార్డు, ఆ తర్వాత ఐదేళ్ళు, 900 డాలర్ల దాకా ఖర్చు, తొమ్మిది నిమిషాలు.

అక్కడితో ఆపేదాన్నే, కానీ 18వ తారీఖు శనివారం మా ఫ్రెండ్ వాళ్ళింట్లో దీపావళి. ముప్పై మంది దాకా ఉన్నాం, అందులో సిటిజన్లు పదిహేను మందైనా ఉంటారు. ఎన్నిక ఉందని తెలిసినవాళ్ళు నలుగురు. సెప్టెంబర్లో కొత్త హెచ్-1బి మీద లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చినప్పటి నుంచి మనవాళ్ళ కబుర్లన్నీ దాని చుట్టూనే, 2024లో ట్రంప్‌కి వేసినవాళ్ళు కూడా గుంభనంగా ఉన్నారు. "దీనికీ వీసాకీ సంబంధం లేదు అన్నయ్యా, ఇది కరెంటు బిల్లు" అంటే ఒకాయన, "మాది కోఆపరేటివ్ కరెంటమ్మా, మాకు రాదు ఈ ఓటు" అన్నాడు. అది తప్పు. మా చుట్టుపక్కల చాలా సబ్‌డివిజన్లకి కోఆపరేటివ్‌ల నుంచి కరెంటు వస్తుంది, వాటి రేట్లు ఈ కమిషన్ చేతిలో ఉండవు, కానీ ఓటు రాష్ట్రంలో అందరికీ ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఎంతమంది ఇంట్లో కూర్చున్నారో అనిపించి, ఆ రాత్రే ఒక అక్కతో కలిసి డెమోక్రాట్ల తరఫున ఇళ్ళు తిరగడానికి పేరిచ్చాను.

అక్టోబర్ 25, నవంబర్ 1, రెండు శనివారాలు తిరిగాం. ఫోన్‌లో యాప్ ఇస్తారు, అందులో ఉన్న ఇళ్ళకే వెళ్ళాలి, అన్నిటికీ కాదు. మొదటి రోజు 38 ఇళ్ళు, తలుపు తీసింది 11. డోర్‌బెల్ కెమెరాలోంచే "వద్దు, థ్యాంక్స్" అన్నవాళ్ళు కొందరు. నీళ్ళ బాటిల్, మంచి బూట్లు తప్పనిసరి, నేను చెప్పులతో వెళ్ళి బొబ్బలు తెచ్చుకున్నాను. మెయిల్‌బాక్స్‌లో కాగితం పెట్టకూడదు, అది నేరం, తలుపు సందులోనే పెట్టాలి. అది నాకు ముందు తెలియదు.

ఆ పదకొండులో ఒకాయన గురించి చెప్పాలి. డెబ్బై దాటిన తెల్లాయన, ట్రక్కు మీద పాత ట్రంప్ స్టిక్కర్. వెనక్కి తిరుగుదాం అంది అక్క. ఆయనే పిలిచాడు, ఏంటమ్మా పని అని. చెప్తే లోపలికెళ్ళి బిల్లుల కవరు తెచ్చాడు, రబ్బరు బ్యాండ్ వేసి నెలవారీగా పెట్టుకున్నాడు, పెన్సిల్‌తో ఒక్కోదాని మూల మీద మొత్తం రాసుకున్నాడు. మా రాష్ట్రంలోని వోగ్టల్ కరెంటు ప్లాంటులో కొత్త అణు యూనిట్లు రెండిటికి 30 బిలియన్ డాలర్లు దాటింది, ఆ ఖర్చు బిల్లుల్లోకే వస్తుంది, అది నాకూ తెలుసు, కానీ అది ఆయన పెన్సిల్ అంకెల్లో చూస్తే వేరేలా ఉంది. "మా నాన్న బతికినన్నాళ్ళూ డెమోక్రాట్, నేను రిపబ్లికన్, ఇద్దరం మాట్లాడేది ఒకటే" అన్నాడాయన. నిజమే, 2002 ఎన్నిక దాకా నూట ముప్పై ఏళ్ళపాటు ఈ రాష్ట్రంలో గవర్నర్లందరూ డెమోక్రాట్లే. అప్పట్లో సంప్రదాయవాదులు అటు ఉండేవాళ్ళు, తర్వాత ఇటొచ్చారు. "ఈ రెండు గడులూ నీవాళ్ళకి వేస్తా, వచ్చే ఏడాది గవర్నర్‌కి మాత్రం నా దగ్గరికి రాకు" అన్నాడు. సరేనన్నాను.

అందరూ అలా లేరు. రెండో వారం మన తెలుగాయనే, ఇంజనీరు, వాకిట్లోనే ఇరవై నిమిషాలు నిలబెట్టి, డేటా సెంటర్లు వస్తున్నాయి, అణు కరెంటు లేకపోతే ఇంత లోడు ఎలా మోస్తారు, ఆ ప్లాంటు కట్టి మంచిపనే చేశారు అని చెప్పాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. నాకు దానికి వెంటనే జవాబు రాలేదు, ఇంటికొచ్చి చదువుకున్నాను. ఇంకో ఇంట్లో ఒకావిడ మొహం మీదే తలుపేసింది. పక్క వీధిలో ఉండే పంజాబీ అంకుల్ మాత్రం టీ తాగితేనే మాట్లాడతా అన్నారు. ఆయన 2020లో బైడెన్‌కి, 2022లో గవర్నర్‌గా రిపబ్లికన్ కెంప్‌కి, సెనేట్‌కి డెమోక్రాట్ వార్నాక్‌కి, 2024లో ట్రంప్‌కి వేశారట. రాష్ట్రం ఎలా వేసిందో ఆయనా అచ్చం అలాగే వేశారు. అప్పటిదాకా నేను మారడమంటే ఒక నది దారి మార్చుకున్నట్టు అనుకున్నా. ఆయన టీ కప్పు పట్టుకుని అంత మామూలుగా చెప్తుంటే, ఇక్కడ జనం ఏ పార్టీకీ తమని తాము రాసివ్వలేదని అర్థమైంది, ఇన్నాళ్ళూ ఎరుపా (రిపబ్లికన్) నీలమా (డెమోక్రాట్) అని అడుగుతూ కూర్చున్నది మనమే.

నవంబర్ 4 రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి టీవీ పెట్టాను. పడుకునేలోపే తేలిపోయింది. ఇద్దరు డెమోక్రాట్లూ, అలీషియా జాన్సన్, పీటర్ హబ్బర్డ్, 60 శాతం దాటి గెలిచారు. ఏడాది కిందటే ట్రంప్ లక్షకి పైగా ఓట్లతో గెలిచిన రాష్ట్రం ఇది. సెనేట్ లాంటి వాషింగ్టన్ పదవులు కాకుండా, ఇలాంటి రాష్ట్ర స్థాయి పదవికి డెమోక్రాట్లు గెలవడం 2006 తర్వాత ఇదే. నేను గట్టిగా అరిచేసరికి అత్తయ్య నిద్ర లేచి వచ్చి, "బిల్లు తగ్గిందా?" అన్నారు.

తగ్గలేదు, వెంటనే తగ్గదు కూడా. ఐదుగురిలో ఇద్దరే వీళ్ళు, ఇంకా ముగ్గురు అటువైపే, హబ్బర్డ్ అయితే 2026లోనే మళ్ళీ పోటీ చెయ్యాలి. ఓటేసింది కూడా తక్కువమందే, ప్రెసిడెంట్ ఎన్నికకి వచ్చినవాళ్ళలో చాలామంది ఈసారి ఇల్లు కదల్లేదు. అందుకే డాలస్ ఫ్రెండ్‌తో, మారిపోయిందని నేను చెప్పలేను, నేను తట్టిన తలుపుల వెనక నిజంగా ఆలోచిస్తున్న మనుషులున్నారని మాత్రం ఒట్టేసి చెప్పగలను అన్నాను. తనకి ఆ జవాబు నచ్చలేదు. తనకి రంగు కావాలి.

మా ఆయన ఎన్-400 పోయిన వారం వేశాం. ఇప్పుడు ప్రశ్నలు ఇరవై అడుగుతారు, పన్నెండు చెప్పాలి, 2025 అక్టోబర్ 20 నుంచి వేసినవాళ్ళకి అంతే. నా సర్టిఫికెట్ కాపీలు రెండు ఒక ఫోల్డర్లో పెట్టాను, పీచ్ స్టిక్కర్ ఫోల్డర్ మీద అంటించాను, దాని కింద ఆ బిల్లు ఉంది. నిన్న ఆ పెద్దాయన వీధి మీదుగా వెళ్తుంటే ట్రక్కు ఆపి, నవంబర్ బిల్లు వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను. వచ్చాక చూపించు, పక్కపక్కన పెట్టి చూద్దాం అన్నాడు.